అమ్మ యూరిన్ కల్చర్ రిపోర్టు నిండా ‘ఆర్’లే. ఇప్పుడేం మందు?

తార్నాక లక్ష్మి | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. అమ్మకు అరవై దాటాయి, చాలా ఏళ్ళుగా షుగరు. పోయిన వారం మూత్రంలో మంటతో మొదలై చలిజ్వరం, కుడి పక్క నడుము నొప్పి దాకా వచ్చింది. మా వీధి క్లినిక్‌లో సెఫిక్సిమ్ మాత్రలు రాశారు. అవి అయిపోవస్తున్నా జ్వరం దిగలేదు. వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ముందు యూరిన్ కల్చర్ (మూత్రంలోని క్రిమిని పెంచి ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) చేయించమన్నారు. సాయంత్రం రిపోర్టు చేతికొచ్చింది.

ఈ. కొలై అనే బ్యాక్టీరియా, మిల్లీలీటరుకు లక్షకు పైన. ఈఎస్‌బీఎల్ (మందును విరగ్గొట్టే ఎంజైము) పాజిటివ్ అని కింద రాశారు. యాంపిసిలిన్, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, సిప్రోఫ్లోక్సాసిన్, లీవోఫ్లోక్సాసిన్, కోట్రైమోక్సజోల్ అన్నిటికీ ‘ఆర్’, అంటే క్రిమి లొంగదట. నైట్రోఫ్యురాంటోయిన్, ఫాస్ఫోమైసిన్, అమికాసిన్, పిపెరాసిలిన్-టాజోబాక్టమ్, ఎర్టాపెనెమ్, మెరోపెనెమ్‌కు మాత్రం ‘ఎస్’, అంటే లొంగుతుందట.

రేపు పొద్దున్నే ఎర్టాపెనెమ్ ఇంజెక్షన్ మొదలుపెడదామన్నారు డాక్టరు. మాత్రతో పోయేదానికి అంత పెద్ద మందు అవసరమా? అమ్మ చిన్న జ్వరానికి కూడా మందులు మింగే మనిషి కాదు. మరి ఆమె ఒంట్లో క్రిములు ఇంత మొండిగా ఎలా తయారయ్యాయి?

కూకట్‌పల్లి కిరణ్ | 9:30

అక్కా, మా పెద్దమ్మకూ ఇట్లాగే వచ్చింది. బార్లీ నీళ్ళు, కొబ్బరి నీళ్ళు బాగా తాగించండి. నైట్రోఫ్యురాంటోయిన్‌కు ‘ఎస్’ ఉంది కదా, అది మాత్రే, ఇంజెక్షన్ల అవసరం ఏముంది? రిపోర్టులో దాని పక్కన అంకె ఎంతుందో కూడా చూడండి. మా పెద్దమ్మ రిపోర్టులో దానికి 16 ఉంది, ఎర్టాపెనెమ్‌కు 0.12 మాత్రమే. ఎక్కువ ఉన్నదే గట్టిగా పని చేస్తుందని మాకు తెలిసినాయన చెప్పాడు.

స్టాఫ్ నర్స్ మేరీ | 9:41

కిరణ్ గారూ, చలిజ్వరం, నడుము నొప్పి ఉన్నాయంటే ఇన్ఫెక్షన్ మూత్రాశయం దాటి కిడ్నీకి పాకినట్టు. బార్లీ నీళ్ళతో తగ్గేది కాదు.

లక్ష్మీ, ఈ రాత్రి అమ్మకు వాంతులు ఆగకపోయినా, మత్తుగా పడుకుని పలకకపోయినా, మూత్రం బాగా తగ్గినా, బీపీ పడిపోయినా ఉదయం దాకా చూడకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళు. షుగరు ఉన్నవాళ్ళలో ఇది రక్తంలోకి ఎక్కడానికి ఎక్కువసేపు పట్టదు. షుగరు కూడా చూసి రాసిపెట్టు.

డా. శైలజ, మైక్రోబయాలజీ | 10:25

లక్ష్మి గారూ, ఇలాంటి రిపోర్టులు రాయడమే నా ఉద్యోగం కాబట్టి మీ రిపోర్టును ఎలా చదవాలో చెప్తాను. మందు నిర్ణయం మాత్రం అమ్మను చూసిన డాక్టరుదే.

ముందు ఆ అంకెల సంగతి. దాన్ని ఎంఐసీ అంటాం. బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి కావలసిన అతి తక్కువ మోతాదు అది. ఒక మందు అంకెను ఇంకో మందు అంకెతో పోల్చకూడదు. ఒక్కో మందుకు ఒక్కో గీత ఉంటుంది. నైట్రోఫ్యురాంటోయిన్‌కు 32 దాకా ‘ఎస్’ కిందే లెక్క, ఎర్టాపెనెమ్‌కు 0.5 దాకానే. రిపోర్టులో చిన్న అంకె ఉన్న మందును ఎంచుకోవడమూ తప్పే, పెద్ద అంకె ఉన్నదాన్ని ఎంచుకోవడమూ తప్పే.

నైట్రోఫ్యురాంటోయిన్ మంచి మందు. ఉత్త మూత్రాశయం ఇన్ఫెక్షన్ అయితే నేనే దాన్ని మొదట చెప్తాను. కానీ అది మూత్రంలో పేరుకుంటుందే తప్ప కిడ్నీ కండలోనూ రక్తంలోనూ చాలినంత ఉండదు. నోటి ద్వారా ఇచ్చే ఫాస్ఫోమైసిన్‌దీ ఇంచుమించు అదే పరిస్థితి. అమ్మకు జ్వరం, నడుము నొప్పి ఉన్నాయి కాబట్టే మీ డాక్టరు ఇంజెక్షన్ అన్నారు. అమికాసిన్ ఇవ్వొచ్చు, కానీ షుగరు ఉన్నవాళ్ళ కిడ్నీ మీద దాని భారం పడుతుంది, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూసుకుంటూ ఇవ్వాలి.

పిపెరాసిలిన్-టాజోబాక్టమ్‌కు కూడా ‘ఎస్’ ఉందే, అది కాస్త కింది మెట్టు మందు కదా అని మీకు అనిపించవచ్చు. సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని ఈ. కొలై, క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా రక్తంలో ఉన్నవాళ్ళ మీద దీన్నీ మెరోపెనెమ్‌నూ పోల్చిన పరిశోధన 2018లో వచ్చింది. ముప్పై రోజుల్లో చనిపోయినవాళ్ళు మెరోపెనెమ్ వర్గంలో 3.7 శాతం, పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ వర్గంలో 12.3 శాతం. అప్పటి నుంచి ఈఎస్‌బీఎల్ తీవ్రంగా ఉన్నచోట, కాగితం మీద ‘ఎస్’ ఉన్నా మేము దానివైపు మొగ్గం. ఎర్టాపెనెమ్ ఆ మెరోపెనెమ్ కుటుంబంలోదే, రోజుకు ఒక్కసారే ఇచ్చేది, అడ్మిట్ కాకుండా కూడా వెళ్ళి వేయించుకోవచ్చు.

ఇక ఈఎస్‌బీఎల్ అంటే ఏమిటో ల్యాబులో కళ్ళతో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. మూత్రాన్ని మెకాంకీ అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) ప్లేటు మీద గీస్తాం. రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచితే ఈ. కొలై గులాబీ రంగు చుక్కల్లా మొలుస్తుంది. ఆ చుక్కల్ని తీసి ఇంకో ప్లేటంతా పరిచి, మీద మందు అద్దిన చిన్న చిన్న కాగితపు బిళ్ళలు పెడతాం. పని చేసే మందు చుట్టూ ఏమీ మొలవని గుండ్రటి ఖాళీ వస్తుంది. సెఫోటాక్సిమ్ బిళ్ళ చుట్టూ బ్యాక్టీరియా దాదాపు అంచుదాకా పెరిగిపోతుంది. కానీ దాని పక్కనే క్లావులానిక్ ఆమ్లం ఉన్న బిళ్ళ పెడితే, ఆ రెండింటి మధ్య వైపు మాత్రం ఖాళీ సాగి తాళంచెవి రంధ్రం ఆకారంలో కనిపిస్తుంది. మందును నరికే ఎంజైము ఉందనీ, దాన్ని క్లావులానిక్ ఆమ్లం అడ్డుకుంటోందనీ ఆ ఆకారమే చెప్తుంది. ఇప్పుడు చాలా పెద్ద ల్యాబుల్లో యంత్రాలే రిపోర్టు ఇస్తాయి గానీ కొత్తగా చేరిన పిల్లలకు నేను ఈ ప్లేటే చూపిస్తాను.

తార్నాక లక్ష్మి | 10:50

డాక్టర్ గారూ, చాలా చాలా థాంక్స్. మేరీ అక్కా, షుగరు 240 ఉంది, మెలకువగానే ఉంది, నీళ్ళు తాగుతోంది. పొద్దున్నే వెళ్తున్నాం. నా రెండో ప్రశ్న మాత్రం అలాగే ఉంది. యాంటీబయాటిక్స్ పెద్దగా వాడని మనిషికి ఇది ఎలా వచ్చింది?

బయాలజీ మాస్టారు, సికింద్రాబాద్ | 11:20

అమ్మా లక్ష్మీ, ఇది చాలామంది తలకిందులుగా అర్థం చేసుకునే విషయం. మందుకు అలవాటు పడేది మన ఒళ్ళు కాదు, బ్యాక్టీరియా. మీ అమ్మగారు ఒక్క మాత్ర మింగకపోయినా, అప్పటికే మొండిగా మారిన ఈ. కొలై నీళ్ళ ద్వారానో తిండి ద్వారానో ఆసుపత్రిలోనో ఆమె పేగుల్లోకి చేరి ఉండవచ్చు. పేగుల్లో ఉన్నన్నాళ్ళు ఏ బాధా పెట్టదు. అక్కడి నుంచి మూత్రమార్గంలోకి ఎక్కినప్పుడే జబ్బు.

ఎలా మొండికేస్తుందంటే ప్రధానంగా నాలుగు దారులు. మందును విరగ్గొట్టే ఎంజైము తయారు చేసుకోవడం మొదటిది, మీ రిపోర్టులో ఉన్నది ఇదే. పెన్సిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును 1940లోనే, ఆ మందు జనంలోకి రాకముందే, అబ్రహాం, చైన్ అనే శాస్త్రవేత్తలు గుర్తించారు. మందు వెళ్ళి అతుక్కునే చోటునే మార్చేసుకోవడం రెండోది. మెథిసిలిన్ 1959లో వస్తే, దానికి లొంగని స్టెఫలోకాకస్ అనే బ్యాక్టీరియా ఇంగ్లండులో 1961కల్లా కనిపించింది, మనం ఎంఆర్‌ఎస్‌ఏ అనేది అదే. మూడోది లోపలికి వచ్చిన మందును వచ్చినట్టే బయటికి తోడేసే పంపులు, నాలుగోది మందు లోపలికి వచ్చే రంధ్రాలనే తగ్గించుకోవడం.

టెట్రాసైక్లిన్ల విషయంలో ఆ పంపులది పెద్ద పాత్ర. ఆ కుటుంబంలో మొట్టమొదటి మందు ఆరియోమైసిన్, 1948లో లోకానికి తెలిసింది. దాన్ని కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్ అయినా, ఆ లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగానికి అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ సంగతి చెప్పకుండా నేను టెట్రాసైక్లిన్ పాఠం ఎప్పుడూ మొదలుపెట్టను.

ఈ శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? ఈ. కొలై అనుకూలమైన చోట ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. అన్ని కోట్ల కాపీల్లో జన్యువులో అక్కడక్కడా తప్పులు దొర్లుతాయి. వాటిలో ఏదో ఒకటి మందును తట్టుకునేదిగా తేలితే, మందు పడ్డప్పుడు మిగతావన్నీ చచ్చి అదొక్కటే మిగిలి దాని సంతానమే నిండిపోతుంది. మందు దాన్ని పుట్టించదు, దానికి చోటు ఖాళీ చేసి పెడుతుంది.

అంతకంటే నాకు ఎక్కువ భయం కలిగించేది ప్లాస్మిడ్. అది బ్యాక్టీరియా అసలు క్రోమోజోముకు వేరుగా ఉండే చిన్న డీఎన్ఏ చుట్ట. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఊరగాయ కొలతల చీటీ ఒకరి నుంచి ఒకరు రాసుకున్నట్టు, పక్కనున్న బ్యాక్టీరియా దాన్ని కాపీ చేసుకుంటుంది, జాతి వేరైనా సరే. ఒక్క చుట్టలో అయిదారు మందులను తట్టుకునే జన్యువులు వరసగా ఉండొచ్చు. అందుకే అమ్మగారి రిపోర్టులో సంబంధం లేని మందులన్నిటికీ ఒకేసారి ‘ఆర్’ వచ్చింది. మన దేశంలో విస్తారంగా కనిపించే ఈఎస్‌బీఎల్ ఎంజైము పేరు సీటీఎక్స్-ఎం-15. దాన్ని మొదట 1999లో ఢిల్లీలో సేకరించిన బ్యాక్టీరియాలో గుర్తించారు. ఆ కుటుంబం జన్యువుల మూలం క్లూవెరా అనే, మనకు పెద్దగా హాని చేయని బ్యాక్టీరియాలో ఉంది. మొండితనం మనిషి మందులు కనిపెట్టాక పుట్టిందీ కాదు. 30,000 ఏళ్ళుగా గడ్డకట్టి ఉన్న నేలలో కూడా ఈ జన్యువులు దొరికాయని 2011లో ప్రచురించారు. మనం చేసిందల్లా వాటిని ఏరి, పెంచి, ఊరూరా పంచడం.

ఉప్పల్ ఎమ్మెస్సీ | 11:48

మాస్టారూ, దీనికి చక్కటి వీడియో ఒకటి ఉంది. 2016లో హార్వర్డ్ వాళ్ళు బల్లంత అగార్ ప్లేటు చేసి, అంచుల్లో మందు లేకుండా, మధ్యకు వస్తుంటే పదింతలు పదింతలు పెంచుతూ వెళ్ళారు. ఒక్కో గీత దగ్గర బ్యాక్టీరియా ఆగిపోతుంది, కాసేపటికి ఎక్కడో ఒక మూల నుంచి ఒక పాయ గీత దాటి విసనకర్రలా పరుచుకుంటుంది. దాదాపు పదకొండు రోజుల్లో వెయ్యి రెట్లు మందు ఉన్న మధ్య పట్టీలోకి చేరింది. మా క్లాసులో చూపిస్తే కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మెడికల్ షాపు రమేష్, దిల్‌సుఖ్‌నగర్ | మంగళవారం, ఉదయం 8:05

షాపు తెరిచే ముందు చదివిన. నా దిక్కు నుంచి రెండు మాటలు. వానకాలం వచ్చిందంటే రోజూ మస్తు మంది వస్తరు, ‘అన్నా, జ్వరం, అజిత్రో ఒక షీట్ ఇయ్యి, పైసలు ఎంత’ అని. డెంగీ అయినా, మామూలు వైరల్ అయినా ఆ గోలీ ఏం పని జేస్తది? చీటీ లేదంటే కోపం జేస్తరు, పక్క షాపుకు వోతరు. అయినా నేను ఇయ్య.

స్ట్రిప్పు మీద నిలువు ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ మీదనే అమ్మాలె. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అని మందుల జాబితా ఉంది. సెఫిక్సిమ్, మెరోపెనెమ్ అసొంటివి, టీబీ మందులు అందుల ఉన్నయి. డాక్టరు పేరు, పేషెంటు పేరు, ఎన్ని ఇచ్చినమో రిజిస్టర్ల రాసి మూడేండ్లు దాచిపెట్టాలె. రాసేటోళ్ళు రాస్తున్నరు, రాయనోళ్ళు రాస్తలేరు. అడిగేటోళ్ళు లేనప్పుడు చట్టం కాగితం మీదనే ఉంటది.

లక్ష్మక్కా, సెఫిక్సిమ్ మాత్రలు మిగిలితే ఇంట్ల దాచకు. ఇంకెవరికన్న దగ్గు వచ్చినప్పుడు అదే డబ్బాల నుంచి తీసి ఇస్తరు.

కూకట్‌పల్లి కిరణ్ | 8:40

రమేషన్నా, నిజం. అసలు తప్పు కోర్సు మధ్యలో ఆపేసేవాళ్ళది. జ్వరం తగ్గగానే మాత్రలు మానేస్తారు, సగం చచ్చిన క్రిములు రాటుదేలతాయి. ఎంత ఎక్కువ రోజులు వాడితే అంత మంచిది కదా?

డా. శైలజ, మైక్రోబయాలజీ | 1:15

కిరణ్ గారూ, సగం ఒప్పుకుంటాను. డాక్టరు చెప్పకుండా మీరే ఆపొద్దు, నిజమే. డోసు తక్కువైతే ముప్పు అని ఫ్లెమింగ్ గారే 1945 నోబెల్ ప్రసంగంలో హెచ్చరించారు. కానీ ‘ఎక్కువ రోజులు వాడితే మంచిది’ అన్నది తప్పు. మందు లోపల ఉన్న ప్రతి రోజూ పేగుల్లోని లక్షల కోట్ల మంచి బ్యాక్టీరియా మీద కూడా పడుతుంది, వాటిలో మొండివి ఏరుకుని మిగులుతాయి. రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్న 3,600 మందికి పైగా మీద చేసిన అధ్యయనం 2024లో వచ్చింది. ఏడు రోజుల మందు పద్నాలుగు రోజుల మందుకు ఏమీ తీసిపోలేదు. స్టెఫలోకాకస్ ఆరియస్ రోగులను, రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నవాళ్ళను అందులో చేర్చలేదు, ఆ సంగతి మరవకూడదు.

కాబట్టి రోగాన్ని బట్టి రోజులు. ‘ఇంకెన్ని రోజులు వాడాలి, ఎందుకు?’ అని డాక్టరును అడగడంలో తప్పేమీ లేదు. కోర్సు మాట టీబీ దగ్గర మాత్రం వేరు.

ఎర్రగడ్డ సలీం | 2:02

మేడం టీబీ మాట అన్నారు కాబట్టి చెప్తున్నా. మా తమ్ముడికి ఎండీఆర్ టీబీ, అంటే ముఖ్యమైన మందులకు లొంగని టీబీ. ఒకప్పుడైతే దాదాపు రెండేళ్ళ వైద్యం, అందులో నెలల తరబడి కనామైసిన్ ఇంజెక్షన్లు, చెవులు వినపడకుండా పోయినవాళ్ళు మా బస్తీలోనే ఉన్నారు. వాడికి ఇప్పుడు నాలుగు మందుల ఆరు నెలల కోర్సు ఇస్తున్నారు: బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మోక్సిఫ్లోక్సాసిన్. అన్నీ మాత్రలే, సర్కారు దవాఖానలో ఉచితం. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2024 సెప్టెంబర్‌లో దీనికి అనుమతి ఇచ్చిందట. కాళ్ళల్లో తిమ్మిర్లు వస్తున్నాయి, రక్త పరీక్షలకు పిలుస్తూనే ఉంటారు. అయినా వాడు మళ్ళీ అన్నం తింటున్నాడు, బరువు పెరిగాడు.

నాకో సందేహం. టీబీకి ఒకేసారి ఇన్ని మందులెందుకు?

బయాలజీ మాస్టారు, సికింద్రాబాద్ | 2:40

సలీం గారూ, తమ్ముడు తొందరగా కోలుకోవాలి. టీబీ క్రిమి ప్లాస్మిడ్ల ద్వారా మొండితనాన్ని పంచుకోదు. దాని సొంత జన్యువులో తప్పు దొర్లితేనే మొండిదవుతుంది. ఊపిరితిత్తిలో పుండు పెద్దదైతే అక్కడ క్రిములు కోట్లలో ఉంటాయి కాబట్టి ఏ ఒక్క మందునైనా తట్టుకునేది ఒకటి రెండు ముందే ఉండి తీరతాయి. మూడు నాలుగు మందుల్ని ఒకేసారి తట్టుకునేది ఉండటం మాత్రం దాదాపు అసాధ్యం. అందుకే ఒక్కసారే అన్ని వైపుల నుంచి పడాలి, ఒక మందును వదిలేసి మిగతావి వేసుకోవడం అన్నిటికంటే ప్రమాదం. టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో సీబీనాట్ యంత్రం రెండు గంటల్లో చెప్పేస్తుంది. దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష అడగండి, అందరికీ చెప్పండి.

తార్నాక లక్ష్మి | బుధవారం, రాత్రి 8:30

నిన్న పొద్దున మొదటి ఇంజెక్షన్ వేశారు. ఇవాళ సాయంత్రానికి జ్వరం 99 దగ్గరుంది, వణుకు రాలేదు, ఇడ్లీ తింది. క్రియాటినిన్ 1.1. స్కానింగులో రాయి గానీ అడ్డు గానీ లేదన్నారు. ఇంజెక్షన్లు అయ్యాక మళ్ళీ కల్చర్ చేయించి క్రిమి పూర్తిగా పోయిందో లేదో చూసుకోవాలా?

డా. శైలజ, మైక్రోబయాలజీ | 9:05

చాలా సంతోషం. అడ్డేమీ లేకపోవడం పెద్ద ఊరట. రాయి గానీ చీము గడ్డ గానీ ఉంటే ఎంత మంచి మందూ అక్కడికి సరిగా చేరదు, దాన్ని తీసేయాల్సిందే.

బాధలన్నీ తగ్గితే మళ్ళీ కల్చర్ వద్దు. పెద్ద వయసు ఆడవాళ్ళలో, అందులోనూ షుగరు ఉన్నవాళ్ళలో, ఏ మంటా జ్వరమూ లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా కనిపించడం మామూలే. దానికి మందు వాడితే మేలు లేదు, మొండివి పెరగడం తప్ప. గర్భిణులకు, మూత్రమార్గం ఆపరేషన్‌కు వెళ్ళేవాళ్ళకు మాత్రం ఇది వర్తించదు.

మళ్ళీ ఎప్పుడైనా మంట, జ్వరం వస్తే మొదటి మాత్ర పడకముందే శాంపిల్ ఇవ్వండి. శుభ్రం చేసుకుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధార స్టెరైల్ డబ్బాలో పట్టాలి. రెండు గంటల్లో ల్యాబుకు చేరాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. బయట ఎండలో బండి డిక్కీలో ఉంచి మధ్యాహ్నానికి తెస్తారు, అప్పటికి నాలుగు క్రిములు నాలుగు లక్షలవుతాయి. ఈ పాత రిపోర్టు కూడా వెంట తీసుకెళ్ళండి.

వనస్థలిపురం వాసంతి | 9:40

మా మావయ్యగారు వెంటిలేటర్ మీద ఉన్నారు. కఫం కల్చర్‌లో క్లెబ్సియెల్లా, మెరోపెనెమ్‌కు కూడా ‘ఆర్’. ఎన్‌డీఎం అని రాశారు. కొలిస్టిన్ మొదలుపెట్టారు, కిడ్నీ దెబ్బతింటుందేమోనని భయంగా ఉంది. ఇంక దారి లేదా డాక్టర్ గారూ?

డా. శైలజ, మైక్రోబయాలజీ | 10:20

వాసంతి గారూ, దారులు ఉన్నాయి. తక్కువే, కానీ ఉన్నాయి.

ఎన్‌డీఎం మెరోపెనెమ్ వంటి వాటిని కూడా విరగ్గొట్టే ఎంజైము. భారతదేశంలో వైద్యం చేయించుకుని స్వీడన్ వెళ్ళిన ఒక రోగిలో 2008లో మొదట గుర్తించారు. అది విరగ్గొట్టలేని మందు ఒకటుంది, అజ్ట్రియోనామ్. చిక్కేమిటంటే ఇలాంటి క్లెబ్సియెల్లాలో ఎన్‌డీఎంతో పాటు ఈఎస్‌బీఎల్ కూడా ఉంటుంది, అది అజ్ట్రియోనామ్‌ను నరికేస్తుంది. సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్‌ను కలిపి ఇస్తే అందులోని అవిబాక్టమ్ ఆ ఈఎస్‌బీఎల్‌ను కట్టేస్తుంది, అజ్ట్రియోనామ్ తన పని తాను చేస్తుంది. విడివిడిగా రెంటికీ ‘ఆర్’ ఉన్నా కలిపితే పనిచేయడం మా ప్లేట్ల మీద చాలాసార్లు చూశాను. ఈ రెంటి కలయిక పనిచేస్తుందో లేదో పరీక్ష చేయించమని ఐసీయూ డాక్టరును అడగండి.

కొలిస్టిన్ పాత మందు. కిడ్నీలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు పక్కన పెట్టేసి, వేరే గతిలేక మళ్ళీ తీశాం. క్రియాటినిన్ రోజూ చూస్తూ ఇస్తారు. సెఫిడెరోకాల్ అనే ఇంకో మందు ఉంది, అది దొరుకుతుందో లేదో మీ ఆసుపత్రే చెప్పాలి. కఫంలో పెరిగిన బ్యాక్టీరియా నిజంగా జబ్బు చేస్తోందా, గొట్టంలో ఊరికే ఉందా అన్నది కూడా అడగదగిన ప్రశ్నే. ఊరికే ఉన్నదానికి కొలిస్టిన్ అక్కర్లేదు. లోపలికి వెళ్ళే ప్రతిసారీ చేతులు కడుక్కోండి, మీతో వచ్చినవాళ్ళ చేత కడిగించండి.

వనస్థలిపురం వాసంతి | 10:31

రేపు రౌండ్స్‌లో అడుగుతాను మేడం. రెండు మందుల పేర్లూ కాగితం మీద రాసుకున్నాను.

స్టాఫ్ నర్స్ మేరీ | గురువారం, మధ్యాహ్నం 3:10

నేను జ్వరాల వార్డులో చాలాకాలం పనిచేశాను కాబట్టి టైఫాయిడ్ గురించి రాయాలనిపించింది. విడాల్ పరీక్షలో 1:160 వచ్చిందని చూపించి టైఫాయిడ్ అని ఇంజెక్షన్లు వేయించుకునేవాళ్ళు ఈ ఊళ్ళో లెక్కలేనంత మంది. ఆ పరీక్ష ఒక్కదాన్నే నమ్మలేం, ఎప్పుడో వచ్చిపోయిన ఇన్ఫెక్షన్‌కు కూడా చూపించవచ్చు. బ్లడ్ కల్చర్ కావాలి, అదీ మందు పడకముందే.

ఒకప్పుడు టైఫాయిడ్‌కు క్లోరాంఫెనికాల్. అది పోయి సిప్రో వచ్చింది, అదీ పోయింది. ఇప్పుడు సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్. వింతేమిటంటే, క్లోరాంఫెనికాల్, కోట్రైమోక్సజోల్‌కు మన దేశంలో చాలాచోట్ల టైఫాయిడ్ క్రిమి మళ్ళీ లొంగుతోంది. వాడకం తగ్గాక ఆ మందులను తట్టుకునే ప్లాస్మిడ్‌ను మోసే క్రిములూ తగ్గాయి.

సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ 2016 చివర్లో హైదరాబాద్‌లో చెలరేగింది. కంగారు పడకండి, పాకిస్తాన్ సింధ్‌లో ఉన్న హైదరాబాద్. అక్కడ మిగిలినవి అజిత్రోమైసిన్, మెరోపెనెమ్ మాత్రమే. అప్పుడు అక్కడి పిల్లలకు వేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకా మన హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారు చేసినదే. 2019లో పాకిస్తాన్ ఆ టీకాను పిల్లల సాధారణ టీకాల్లో చేర్చింది, ప్రపంచంలో అలా చేర్చిన మొదటి దేశం అదే. జబ్బే రాకపోతే మందుతో పని లేదు. ఈ టీకా మీ పిల్లలకు వేయించారో లేదో కార్డు తీసి చూసుకోండి.

పటాన్‌చెరు బిడ్డ | 7:45

అందరూ మెడికల్ షాపుల గురించి, కోర్సుల గురించి మాట్లాడుతున్నరు. మా ఊరి ముచ్చట ఎవ్వరు తీస్తలేరు.

2007ల స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు కాడ తొంభై దాకా మందుల కంపెనీల నీళ్ళను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళు పరీక్షించి ప్రచురించిండ్రు. శుద్ధి అయినంక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నది. రోగి రక్తంల ఉండేదానికన్న అది ఎక్కువ. ఒక్క దినంల పోయిన సిప్రో 44 కిలోలు, స్వీడన్ దేశమంత అయిదు దినాలు వాడేటంత. ఆ నీళ్ళు మా వాగులకే వచ్చినయి. మా తాతలు ఆ నీళ్ళతోని వరి పండించిండ్రు, ఎడ్లకు తాపిండ్రు. తర్వాత గొట్టం వేసి నగరం మురుగు కాలువలకు, అంబర్‌పేట దిక్కు మళ్ళించిండ్రు. అంటే అటు నుంచి మూసీకే కద.

2020 జనవరిల కేంద్రం ముసాయిదా తెచ్చింది, ఏ యాంటీబయాటిక్ నీళ్ళల్ల ఎంత దాక ఉండొచ్చో అంకెలతోని. 2021ల తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ అంకెలే లేవు. మా పిల్లలకు ఎవరు జవాబు చెప్తరు?

బయాలజీ మాస్టారు, సికింద్రాబాద్ | 8:30

తమ్ముడూ, ఈ చర్చలో రావలసిన మాటే అన్నావు. నీళ్ళు మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది, మందు మాత్రం పూర్తిగా పోదు, కాబట్టి ఇది ఇంట్లో తేలే సమస్య కాదు. ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగాలి. కర్మాగారాల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్స్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది, పరిమితులతో సహా. వాటిని మన కాలుష్య నియంత్రణ నిబంధనల్లోకి తెమ్మని అడగడానికి ఇప్పుడు ఆధారం ఉంది. మందులు తయారు చేయడం ఈ నగరానికి గర్వకారణమే, నా విద్యార్థులు ఎంతోమంది అక్కడే బతుకుతున్నారు. ఆ నీటి లెక్క బయటపెట్టమనడం వాళ్ళకు వ్యతిరేకం కాదు.

ఇళ్ళ మురుగును కూడా వదిలిపెట్టకూడదు. మనం మింగిన మందులో చాలా భాగం మూత్రంలోనే పోతుంది. కోళ్ళ సంగతీ అంతే. కొలిస్టిన్‌ను పశువులకూ కోళ్ళకూ వాడకూడదని మన దేశం 2019 జులైలో నిషేధించింది. కొలిస్టిన్‌ను తట్టుకునే జన్యువు ప్లాస్మిడ్ ఎక్కి తిరుగుతోందని చైనాలో 2015లో బయటపడింది, అది పందుల్లోనూ మాంసంలోనూ దొరికింది. వాసంతి గారి మావయ్యకు ఇస్తున్నది ఆ మందే.

పటాన్‌చెరు బిడ్డ | 8:52

సార్, ఆ మార్గదర్శకాలు తెలుగుల రాసి పెడ్తరా? మా వార్డు మీటింగ్‌ల చదివి వినిపిస్త.

బయాలజీ మాస్టారు, సికింద్రాబాద్ | 9:01

ఆదివారం కూర్చుని రాస్తాను. ఉప్పల్ ఎమ్మెస్సీ, నువ్వూ చేయి కలుపు.

ఉప్పల్ ఎమ్మెస్సీ | 9:04

తప్పకుండా మాస్టారూ. అంకెల పట్టిక నేను చేస్తా.

నాగోల్ శ్రీను | శుక్రవారం, ఉదయం 7:20

డాక్టర్ గారూ, ఇదంతా చదివాక ఒక ప్రశ్న. నాన్నకు వచ్చే నెల మోకాలి చిప్ప మార్పిడి. ముందుజాగ్రత్తగా యూరిన్ కల్చర్ చేయించి, ఏమైనా ఉంటే యాంటీబయాటిక్ వాడి వెళ్దామా? ఆపరేషన్ తర్వాత ఎన్ని రోజులు వాడాలి?

డా. శైలజ, మైక్రోబయాలజీ | 1:30

శ్రీను గారూ, మంట, జ్వరం లాంటివేవీ లేకపోతే ఆ కల్చర్ వద్దు. షుగరు అదుపులో ఉందా, పళ్ళల్లో చీము, కాళ్ళ మీద పుళ్ళు ఉన్నాయా అన్నవి చూసుకోండి, వాటివల్లే ఎక్కువ ఇబ్బంది.

ఆపరేషన్‌కు కావలసింది సరైన సమయానికి పడే డోసు. సెఫాజోలిన్ వంటి మందు కోతకు ముందు గంటలోపు నరంలోకి వెళ్ళాలి, అప్పుడే కత్తి పడే వేళకు కండలో మందు ఉంటుంది. ఆ తర్వాత ఇరవై నాలుగు గంటలు దాటి కొనసాగించాల్సిన అవసరం మామూలుగా ఉండదు. డిశ్చార్జి చీటీలో మళ్ళీ అయిదు రోజులకు సెఫిక్సిమో ఇంకోటో రాస్తే, ఇన్ఫెక్షన్ ఏమైనా కనిపించిందా అని సర్జన్‌ను అడగండి. నాన్నగారికి పెన్సిలిన్ పడదని ఎప్పుడైనా అన్నారా? అంటే అప్పుడు ఏం జరిగిందో, దద్దురా, ఊపిరాడలేదా, వివరంగా రాసుకుని వెళ్ళండి. ఊరికే ‘ఎలర్జీ’ అని రాస్తే మంచి మందు వదిలేసి ఇంకోటి ఇస్తారు.

నాగోల్ శ్రీను | 1:42

చిన్నప్పుడు ఇంజెక్షన్ వేస్తే కళ్ళు తిరిగాయని నానమ్మ అనేది, దాంతోనే ఎలర్జీ అని రాయిస్తూ వస్తున్నాం. సోమవారం ఓపీకి వెళ్తున్నాం, అదే మాట వివరంగా చెప్పి అడుగుతాను.